పిల్లలకు మాటిమాటికీ జలుబు, పిల్లికూతలు: ఇంట్లో ఏం చూడాలి, ఏం చేయాలి, ఎప్పుడు ఆసుపత్రికి వెళ్ళాలి

బిడ్డ డేకేర్‌కో, అంగన్‌వాడీకో, నర్సరీకో వెళ్ళడం మొదలైన మొదటి ఏడాది చాలా ఇళ్ళలో వినిపించే మాట ఒకటే: "వీడికి నెలలో సగం రోజులు జలుబే." తల్లిదండ్రులకు అది పెద్ద టెన్షన్. ఒంట్లో శక్తి లేదేమో, ఏదైనా పెద్ద జబ్బేమో అని భయం. ముందు ఆ భయం సంగతి చూద్దాం. ఐదేళ్ళలోపు పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. నలుగురు పిల్లలతో కలిసి ఉండే చోట పది, పన్నెండు సార్లు కూడా రావచ్చు. ఒక్కో జలుబు వారం, పది రోజులు ఉంటుంది. వెనకాల వచ్చే దగ్గు రెండు మూడు వారాలు సాగుతుంది. వీటిలో ఎక్కువ భాగం వానాకాలం మొదలు చలికాలం చివరి దాకా వస్తాయి. అందుకే ఒకటి తగ్గేలోపు ఇంకొకటి పట్టుకుని, అసలు తగ్గనే లేదని అనిపిస్తుంది. మధ్యలో బిడ్డ బాగా ఆడుకుంటూ, తింటూ, బరువు పెరుగుతూ ఉంటే ఆ జలుబులు ఎదుగుదలలో భాగమే.

అయితే కొందరు పిల్లలకు జలుబు ముక్కుతో ఆగదు. ఛాతీలోకి దిగి పిల్లికూతలు, ఆయాసం వస్తాయి. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ పిల్లల తల్లిదండ్రుల కోసం. దగ్గు ఎంత గట్టిగా వస్తోందన్నది చూసి మనం కంగారు పడతాం. ప్రమాదం మాత్రం ఊపిరిలో కనిపిస్తుంది. కాబట్టి ఊపిరి చూడటం నేర్చుకోవడంతోనే మొదలుపెడదాం.

మొదటి మెట్టు: ఊపిరి లెక్కపెట్టడం

బిడ్డ నిద్రపోతున్నప్పుడో, ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడో చొక్కా పైకి తీసి పొట్ట, ఛాతీ కనిపించేలా ఉంచండి. ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టండి. పొట్ట పైకి లేచి కిందికి దిగితే ఒకటి. నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే చిన్నపిల్లల ఊపిరి ఒకే వేగంతో ఉండదు. జ్వరం ఉన్నా వేగం పెరుగుతుంది కాబట్టి జ్వరం తగ్గాక ఇంకోసారి చూడండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దులు ఇవి. రెండు నెలలలోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా అంతకంటే ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్ళ దాకా 40 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఊపిరి వేగంగా ఉన్నట్టు. దగ్గు, జ్వరంతో పాటు ఇలా ఉంటే నెమ్ము కావచ్చు. ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. ఈ మూడు అంకెలు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించుకోండి. బిడ్డ బాగున్నప్పుడు కూడా ఒకటి రెండుసార్లు లెక్కపెట్టి ఉంచుకుంటే, మీ బిడ్డ మామూలు వేగం ఎంతో తెలుస్తుంది.

రెండో మెట్టు: ఆ చప్పుడు ఏమిటో తెలుసుకోవడం

అన్ని చప్పుళ్ళూ పిల్లికూతలు కావు. ముక్కు నిండి ఉన్నప్పుడు, గొంతులో కఫం ఆడుతున్నప్పుడు వచ్చేది గురగుర. ముక్కు శుభ్రం చేసినా, బిడ్డ దగ్గినా అది మారిపోతుంది. వీపు మీద చెయ్యి వేస్తే చేతికి తెలుస్తుంది కూడా. పిల్లికూత అంటే సన్నగా, ఈలలాగా వచ్చే చప్పుడు. ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు వినిపిస్తుంది. ఊపిరితిత్తుల్లోని చిన్న గొట్టాలు వాచి, బిగుసుకుని, లోపల కఫం చేరడం వల్ల గాలి బయటికి పోవడానికి దారి సన్నబడుతుంది. చిన్నపిల్లల గొట్టాలు పుట్టుకతోనే సన్నవి కాబట్టి కొద్దిగా వాచినా చాలు.

మూడోది కుక్క మొరిగినట్టు వచ్చే దగ్గు, గొంతు బొంగురు, ఊపిరి పీల్చేటప్పుడు గరగరమనే శబ్దం. ఇది గొంతు దగ్గర వాపు, దీన్ని క్రూప్ అంటారు. దీని చికిత్స వేరు. ఈ తేడా డాక్టర్‌కి నోటితో చెప్పడం కష్టం. అందుకే చప్పుడు వచ్చినప్పుడు చొక్కా తీసి, లైటు వేసి, అర నిమిషం వీడియో తీయండి. ఆసుపత్రికి వెళ్ళేసరికి చప్పుడు తగ్గిపోవడం చాలాసార్లు జరుగుతుంది. అప్పుడు ఆ వీడియో చాలా పనికొస్తుంది.

పిల్లికూతలు రాగానే ఉబ్బసం అని ముద్ర వేసుకోనక్కర్లేదు. మూడేళ్ళు నిండేలోపు దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరికి ఒక్కసారైనా పిల్లికూతలు వస్తాయి. వాళ్ళలో చాలామందికి ఆరేళ్ళ వయసుకు పూర్తిగా తగ్గిపోతాయి. జలుబు లేనప్పుడు కూడా, నవ్వినప్పుడు, పరుగెత్తినప్పుడు, అర్ధరాత్రి నిద్రలో దగ్గు, కూతలు వస్తుంటే, అమ్మకో నాన్నకో ఉబ్బసం ఉంటే, బిడ్డ చర్మం మీద దురద పొక్కుల ఎలర్జీ ఉంటే ఉబ్బసం అయ్యే అవకాశం ఎక్కువ.

ఏడాది లోపు పిల్లల గురించి విడిగా ఒక మాట. రెండేళ్ళలోపు, ముఖ్యంగా మొదటి ఏడాదిలో, వైరస్ వల్ల ఊపిరితిత్తుల్లోని చిన్న గొట్టాలు వాచే బ్రాంకియోలైటిస్ ఎక్కువ. జలుబుతో మొదలై మూడు నుంచి ఐదో రోజు మధ్య ఆయాసం బాగా పెరిగి, తర్వాత నెమ్మదిగా దిగుతుంది. మొదటి రోజు డాక్టర్ "పర్వాలేదు" అన్నారని నాలుగో రోజు ఊరుకోవద్దు. దీనికి యాంటీబయాటిక్ పనిచేయదు, నెబులైజర్ (మందును సన్నని తుంపరగా మార్చి పీల్పించే మెషీన్) మందులు కూడా చాలామందికి పెద్దగా పనిచేయవు. పాలు తాగగలుగుతున్నాడా, ఆక్సిజన్ సరిపోతోందా అన్నవే ముఖ్యం.

ఇవి కనిపిస్తే ఆగవద్దు

కింద చెప్పేవాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంట్లో ప్రయోగాలు ఆపి వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి, లేదా 108కి ఫోన్ చేయాలి. డొక్కలు ఎగరేయడం, అంటే ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద లోపలికి గుంట పడటం. ముక్కుపుటాలు అదరడం. ప్రతి ఊపిరికీ మూలగడం. పెదవులు, నాలుక నీలంగానో బూడిద రంగుగానో మారడం. పాలు తాగలేకపోవడం, తాగినదంతా కక్కేయడం. ఆయాసంతో రెండు మాటలు కలిపి చెప్పలేకపోవడం. లేపినా సరిగా లేవకుండా మత్తుగా ఉండటం, మూర్ఛ. మధ్యమధ్య ఊపిరి ఆగినట్టు అనిపించడం. మూడు నెలలలోపు బిడ్డకు జ్వరం వచ్చినా సరే, మందు వేసి చూద్దాం అనుకోకుండా చూపించాలి.

ఒక సంగతి చాలామందికి తెలియదు. అప్పటిదాకా పెద్దగా వినిపించిన పిల్లికూతలు ఒక్కసారిగా ఆగిపోయి, బిడ్డ అలసిపోయి నీరసంగా ఉంటే అది తగ్గినట్టు కాదు. గాలి లోపలికి సరిగా పోవడం లేదని అర్థం. అది అన్నిటికంటే అత్యవసరం.

రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సీమీటర్ ఉంటే మంచిదే, కానీ పెద్దవాళ్ళ వేలికి పెట్టే క్లిప్పు పసిపిల్లల వేలికి సరిగా కూర్చోదు, తప్పు అంకె చూపిస్తుంది. పిల్లల ప్రోబ్‌తో, బిడ్డ కదలకుండా ఉన్నప్పుడు చూసి 92 కంటే తక్కువ ఉంటే ఆసుపత్రికి వెళ్ళండి. అంకె 97 ఉన్నా డొక్కలు ఎగరేస్తుంటే అంకెను కాదు, బిడ్డను నమ్మండి.

మామూలు జలుబుకు ఇంట్లో చేయాల్సింది

ఇక్కడ చేయాల్సింది తక్కువ, మానాల్సింది ఎక్కువ. ముక్కు కట్టేస్తే మెడికల్ షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు పాలకు, తిండికి ముందు, పడుకునే ముందు రెండేసి చుక్కలు వేసి మెత్తని గుడ్డతో తుడవండి. పాలు, గంజి, చారన్నం, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు ఇవ్వండి. ఏడాది దాటిన పిల్లలకు రాత్రి దగ్గుకు అర చెంచా నుంచి చెంచా తేనె ఇవ్వవచ్చు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాలుక మీద రాయడం కూడా వద్దు, బొట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు.

జ్వరానికి పారాసెటమాల్ బరువును బట్టి ఇవ్వాలి. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. సీసా మీద అంకె తప్పకుండా చూడండి. పది కిలోల బిడ్డకు కావలసిన 150 మిల్లీగ్రాములు, 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములు ఉండే సిరప్ అయితే 3 మిల్లీలీటర్లు. ఒక మిల్లీలీటర్‌లో 100 ఉండే డ్రాప్స్ అయితే ఒకటిన్నర మిల్లీలీటర్లే. డ్రాప్స్‌ను సిరప్ కొలతలో పోస్తే మోతాదు రెట్టింపవుతుంది.

దగ్గు సిరప్‌లు, జలుబు సిరప్‌లు అసలు వద్దు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన జలుబు మందులు నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడకూడదని 2023 డిసెంబరులో మన ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఇథైలిన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు సిరప్ తాగి చిన్నారులు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ అక్టోబరులో కేంద్రం రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, ఐదేళ్ళలోపు సాధారణంగా వాడవద్దని సూచించింది. ఆ వయసులో ఇవి పనిచేస్తాయన్న ఆధారమే లేనప్పుడు, పసివాళ్ళకు ఆ ముప్పు ఎందుకు?

చీమిడి పసుపు, ఆకుపచ్చ రంగుకు మారిందని యాంటీబయాటిక్ మొదలుపెట్టకండి. వైరస్ జలుబులో కూడా నాలుగైదు రోజులకు ఆ రంగు వస్తుంది. కిందటిసారి మిగిలిన సీసా తెరిచి పోయడం ఇంకా తప్పు.

ఆవిరి పట్టించడం పసిపిల్లలకు వద్దు. గిన్నె ఒరిగి పిల్లలు కాలిపోవడం తప్ప పెద్ద మేలు లేదు. కర్పూరం దట్టంగా ఉన్న బామ్‌లు రెండేళ్ళలోపు రాయకూడదు, ముక్కు దగ్గర అసలే వద్దు. కర్పూరం నోట్లోకి పోతే ఫిట్స్ వస్తాయి. ముక్కులో నూనె చుక్కలు వేయడం, ఏడుస్తున్న బిడ్డ ముక్కు మూసి ఆముదం పోయడం చాలా ప్రమాదం. నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే వచ్చే నెమ్ము మామూలు మందులకు లొంగదు. చెంచాడు బ్రాందీ పట్టడం, పొట్ట మీద వాతలు పెట్టడం ఇంకా కొన్ని ఊళ్ళలో ఉన్నాయి. అవి బిడ్డకు హింస, ఆసుపత్రికి వెళ్ళాల్సిన గంటలు వృథా.

పెద్దవాళ్ళు చెప్పే "చలవ" సంగతి: అరటిపండు, పెరుగు, బత్తాయి వల్ల జలుబు రాదు, వైరస్ వల్ల వస్తుంది. ఏదైనా తిన్న ప్రతిసారీ బిడ్డకు దద్దుర్లో, కూతలో వస్తున్నాయని మీరు గమనిస్తే డాక్టర్‌కి చెప్పండి. అంతేగానీ ఊరికే అన్నీ మానిపిస్తే బిడ్డ బరువు తగ్గి, జలుబు మరింత బాధిస్తుంది.

పిల్లికూతలు వచ్చినప్పుడు: ఇన్‌హేలర్, స్పేసర్

ఇన్‌హేలర్ అంటే మన ఇళ్ళలో ఇంకా భయం. అలవాటైపోతుందని, చివరి దశ మందని, ఆడపిల్లకైతే నలుగురికి తెలిస్తే ఎలా అని. నిజానికి బిగుసుకున్న గొట్టాలను వదులు చేసే సాల్బ్యుటమాల్ అనే మందును సిరప్ రూపంలో తాగితే అది ఒళ్ళంతా తిరిగి చేతులు వణకడం, గుండెదడ వస్తాయి, ఊపిరితిత్తులకు చేరేది కొంచెమే. ఇన్‌హేలర్‌లో అతి తక్కువ మందు నేరుగా అవసరమైన చోటికి పోతుంది. దీనికి అలవాటు పడటం అనేది లేదు. ఓ మాదిరి ఆయాసానికి స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు, బిడ్డ ముఖానికి మధ్య పెట్టే ప్లాస్టిక్ గొట్టం) ఇచ్చిన ఇన్‌హేలర్ నెబులైజర్ అంత బాగానూ పనిచేస్తుంది. నెబులైజర్ కంటే చవక, కరెంటు అక్కర్లేదు, సంచిలో పడుతుంది.

కానీ చేసే పద్ధతి తప్పితే మందు గాలిలో కలుస్తుంది. పద్ధతి ఇది:

1. కొత్త ఇన్‌హేలర్ అయితే, చాలా రోజులు వాడకుండా ఉన్నా, ముందు ఒకటి రెండు పఫ్‌లు (ఒకసారి నొక్కితే వచ్చే మందు ఒక పఫ్) గాలిలోకి వదిలి చూడండి. ప్రతి పఫ్‌కు ముందు బాగా కుదపండి.
2. బిడ్డను ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకోండి. ఇన్‌హేలర్‌ను స్పేసర్ వెనక బిగించి, మాస్క్‌ను ముక్కు, నోరు రెండూ మూసేలా గట్టిగా ఆనించండి. సందు ఉంటే మందు బయటికి పోతుంది.
3. ఒక్క పఫ్ మాత్రమే నొక్కండి. రెండు మూడు కలిపి నొక్కితే మందు స్పేసర్ గోడలకే అంటుకుంటుంది.
4. బిడ్డ ఐదారుసార్లు మామూలుగా ఊపిరి తీసుకునే దాకా మాస్క్ తీయవద్దు. కవాటం కదలడం చూసి లెక్కపెట్టండి.
5. అర నిమిషం ఆగి, మళ్ళీ కుదిపి, తర్వాతి పఫ్ ఇవ్వండి.

గుక్కపెట్టి ఏడుస్తున్న బిడ్డకు మందు లోపలికి చేరదు. అందుకే బాగున్న రోజుల్లో బొమ్మకు మాస్క్ పెట్టి, తర్వాత అమ్మకు పెట్టి, తర్వాత బిడ్డకు పెట్టి ఆటగా అలవాటు చేయండి. నాలుగేళ్ళు దాటాక మాస్క్ తీసేసి నోటితో పట్టుకునే స్పేసర్‌కు మారవచ్చు. స్పేసర్‌ను నెలకోసారి సబ్బు నీళ్ళలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వండి. గుడ్డతో రుద్దితే ప్లాస్టిక్‌లో పుట్టే స్థిర విద్యుత్తు మందును లాగేసుకుంటుంది.

ఎన్ని పఫ్‌లు, ఎన్నిసార్లు అన్నది మీ డాక్టర్‌తో కాగితం మీద రాయించుకోండి. ఐదేళ్ళలోపు పిల్లలకు సాధారణంగా రాసేది ఇలా ఉంటుంది: 100 మైక్రోగ్రాముల సాల్బ్యుటమాల్ ఒక్కొక్కటిగా రెండు పఫ్‌లు. తగ్గకపోతే 20 నిమిషాలకు మళ్ళీ రెండు, ఇంకో 20 నిమిషాలకు మళ్ళీ రెండు. గంట గడిచినా తగ్గకపోతే ఆసుపత్రికి. తగ్గినా మూడు గంటలు కూడా గడవకుండా మళ్ళీ అవసరమైతే, లేదా ఒక రోజు దాటినా పఫ్‌లు అవసరమవుతూ ఉంటే ఆ రోజే చూపించాలి. ఇంట్లో మిగిలి ఉన్న స్టెరాయిడ్ సిరప్ మీ అంతట మీరు మొదలుపెట్టకండి.

రోజూ వాడే మందు ఎవరికి?

పిల్లికూతలు తరచూ వస్తూ, జలుబు లేనప్పుడూ రాత్రి దగ్గు ఉంటే, లేదా ఆసుపత్రిలో చేరేంత తీవ్రంగా వస్తుంటే డాక్టర్ బుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ రోజూ వాడమంటారు. ఇది వచ్చిన ఆయాసాన్ని అప్పటికప్పుడు తగ్గించదు, రాకుండా వాపును అదుపులో పెడుతుంది. బిడ్డ బాగున్నాడని రెండు వారాలకే ఆపేయడం వల్లే చాలామందికి మళ్ళీ వస్తుంది. స్టెరాయిడ్ అన్న పేరు విని బెదరకండి. మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. మొదటి ఒకటి రెండేళ్ళలో ఎత్తు పెరుగుదల కొద్దిగా మందగించవచ్చు, అదుపు లేని ఉబ్బసం కూడా ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పఫ్ తర్వాత నోరు పుక్కిలించాలి, చిన్నవాళ్ళకు నీళ్ళు తాగించి ముఖం తుడవాలి.

కూతలు రాకుండా రోజూ నోటితో వేసే మాంటెలుకాస్ట్ అనే మందు ఇస్తుంటే నిద్రలో కేకలు, పీడకలలు, విపరీతమైన చిరాకు, ప్రవర్తనలో మార్పు వస్తున్నాయేమో కనిపెట్టండి. ఈ విషయంలో 2020లో అమెరికా ఔషధ సంస్థ తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. అలాంటివి కనిపిస్తే వెంటనే డాక్టర్‌తో మాట్లాడాలి.

మృగశిర కార్తె రోజు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఇచ్చే చేప ప్రసాదం మీద ఎంతోమందికి నమ్మకం ఉంది. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. పెద్దవాళ్ళు ఏం చేసినా, పసిబిడ్డ గొంతులో బతికి ఉన్న చేపపిల్లను వేయించవద్దని, ఏ కారణంతోనూ ఇన్‌హేలర్ ఆపవద్దని నా విన్నపం.

ఇంట్లో పొగ

మందుల కంటే ముందు చూడాల్సింది ఇదేనని నా అభిప్రాయం. స్నానం చేయించగానే పసిబిడ్డకు సాంబ్రాణి పొగ వేయడం మనకు ఎంతో ప్రేమతో చేసే పని. జుట్టు ఆరడానికి, జలుబు చేయకుండా ఉండటానికి అని నాయనమ్మలు, అమ్మమ్మలు చెబుతారు. కూతలు వచ్చే బిడ్డ సన్నని గొట్టాలకు అది నేరుగా దెబ్బ. మెత్తని తువ్వాలుతో తల ఆర్పితే సరిపోతుంది. అమ్మమ్మతో వాదన పెట్టుకోవడం కన్నా, ఆమెను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి ఆ మాట డాక్టర్‌తోనే చెప్పిస్తే ఇంట్లో మనసులు నొచ్చుకోవు.

దోమల కాయిల్, అగరుబత్తి, కట్టెల పొయ్యి, పోపు ఘాటు కూడా ఇదే లెక్క. కాయిల్ బదులు దోమతెర కట్టండి. బీడీ, సిగరెట్ బాల్కనీలో కాల్చినా బట్టలకు, చేతులకు అంటుకుని బిడ్డ దగ్గరికి వస్తుంది. ఇంట్లో ఎవరైనా మానేయగలిగితే ఆ బిడ్డకు అంతకు మించిన మందు లేదు. దీపావళి రాత్రి, పాత టైర్లు వేసే భోగి మంటల దగ్గర ఈ పిల్లలను ఉంచవద్దు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి.

టీకాలు, తిండి

ఆరు నెలల దాకా తల్లిపాలే. నెమ్ము తెచ్చే ఒక క్రిమి నుంచి కాపాడే న్యుమోకోకల్ టీకా 2021 నుంచి దేశమంతటా ప్రభుత్వ టీకాల్లో ఉంది. ఆరు వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు ఉచితంగా వేస్తారు. కోరింత దగ్గు లాంటి ఐదు జబ్బులకు వేసే పెంటావాలెంట్, తట్టు, రుబెల్లాకు వేసే ఎంఆర్ టీకాలు కూడా ఊపిరితిత్తులను కాపాడేవే. తప్పిపోయిన డోసు ఉంటే కార్డు పట్టుకుని ఏఎన్‌ఎం దగ్గరికి వెళ్ళండి. ఫ్లూ టీకా ప్రభుత్వ జాబితాలో లేదు, డబ్బు పెట్టి వేయించాలి. ఆరు నెలలు నిండాక మొదటిసారి నెల తేడాతో రెండు డోసులు, తర్వాత ఏటా ఒకటి. కూతలు వచ్చే బిడ్డకు ఆ ఖర్చు పెట్టదగినదే. రక్తహీనత ఉంటే సరిచేయించండి. "ఇమ్యూనిటీ పెంచే" పొడులకు పెట్టే డబ్బు గుడ్లు, పప్పు, పండ్ల మీద పెట్టండి.

ఇంకేదైనా ఉందేమో

బాగా ఆడుకుంటున్న బిడ్డకు హఠాత్తుగా పొలమారి, ఆ తర్వాత దగ్గు, ఒకవైపే కూతలు వస్తే గింజ ఏదో గాలిగొట్టంలో ఇరుక్కుందేమో చూడాలి. వేరుశనగ పప్పు, శనగలు, సీతాఫలం గింజ, చింతగింజ ఎక్కువగా ఇరుక్కునేవి. పొలమారిన సంగతి వారం కిందటిదైనా డాక్టర్‌కి చెప్పండి. నాలుగేళ్ళు నిండే దాకా పల్లీలు గింజలుగా ఇవ్వవద్దు.

నాలుగు వారాలు దాటిన తడి దగ్గు, ఏడాదిలో రెండుసార్లు నెమ్ము, పుట్టినప్పటి నుంచీ కూతలు, పాలు తాగుతుంటే చెమటలు పట్టడం, బరువు పెరగకపోవడం, మాటిమాటికీ చెవిలో చీము ఇవన్నీ పరీక్షలు చేయించాల్సినవి. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండి, బిడ్డకు రెండు వారాలకు మించి దగ్గు, జ్వరం ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో టీబీ పరీక్షలు ఉచితం. నోరు తెరిచి నిద్రపోతూ గురక పెట్టే బిడ్డకు ముక్కు వెనక ఉండే అడినాయిడ్లు అనే కండ పెరిగిందేమో చూపించాలి.

చివరగా, ఒక నోటు పుస్తకం

ఒక చిన్న పుస్తకంలో తేదీ, జలుబు ఎప్పుడు మొదలైంది, జ్వరం, నిమిషానికి ఊపిరి, కూతలు ఉన్నాయా, ఎన్ని పఫ్‌లు, ఎంతసేపటికి తగ్గింది రాయండి. రాత్రి దగ్గుతో లేచిన రోజులకు పక్కన గీత పెట్టండి. డాక్టర్ మందు పెంచాలో తగ్గించాలో ఆ గీతలు చూసే నిర్ణయిస్తారు. వెళ్ళినప్పుడు వాడే ఇన్‌హేలర్, స్పేసర్ వెంట తీసుకెళ్ళి, మీరు పఫ్ ఎలా ఇస్తున్నారో వాళ్ళ ముందే చేసి చూపించండి. డాక్టర్ రాసిన కాగితం ఒక కాపీ, స్పేసర్, ఇన్‌హేలర్ ఒక సంచిలో వేసి బడిలో టీచర్‌కి ఇవ్వండి. ఇంకో సెట్టు పండక్కి ఊరెళ్ళే సంచిలో పెట్టుకోండి. బయల్దేరే ముందు ఆ ఊరికి దగ్గరలో రాత్రిపూట ఆక్సిజన్ ఉండే ఆసుపత్రి ఏదో ఫోన్ చేసి కనుక్కోండి.